ఇద్దరి ప్రయాణం - ఒక్కరి పాసు



వార్షికోత్సవ సంచిక అంటే పోటీ పరీక్షలకు చిట్కాలు, వ్యక్తిత్వ వికాసం, మహనీయుల జీవితాలు గుర్తుకొస్తాయి. అవన్నీ అవసరమే. కానీ ఈసారి మన వెనుక ఉన్న వాళ్ల గురించి రాయాలనిపించింది. నెలకోసారి ఆదివారం పూట చేతిసంచిలో సకినాలో, మక్కగారెలో మూటగట్టుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడే ముసలివాళ్లు మనందరికీ తెలుసు. వాళ్లు ఏ బస్సు ఎక్కి వచ్చారో, టికెట్టు ఎంతయిందో మనలో ఎంతమందిమి అడిగాం? నిజం చెప్పాలంటే మేమూ అడగలేదు. ఒకరోజు అడగక తప్పలేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో పి.జి. చదువుతున్నాం. ఇంట్లో ఏ కాగితం వచ్చినా, ఏ పథకం పేరు వినిపించినా "అది ఏందో చదివి చెప్పు బిడ్డా" అని మా చేతిలోనే పెడతారు. అలా చదివి తెలుసుకున్న సంగతే ఈ వ్యాసం. పింఛను తీసుకునే ముసలివాళ్లకు ప్రయాణంలో ఏ సౌకర్యాలున్నాయి? అవి వాళ్ల జీవిత భాగస్వామికి వర్తిస్తాయా? వర్తించకపోతే ఏమవుతుంది?

ఆ రోజు జరిగింది

మా అమ్మమ్మ, తాత గజ్వేల్ దగ్గర ఒక పల్లెలో ఉంటారు. ఇద్దరూ జీవితమంతా కూలి పనే చేశారు. అమ్మమ్మకు ఆసరా పింఛను వస్తుంది. కుటుంబానికి ఒక్కరికే వృద్ధాప్య పింఛను అన్నది ఆ పథకంలోని నియమం. 2014 నవంబరులో మొదలైనప్పుడు నెలకు 1,000 రూపాయలు ఉండేది, 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. పేరు ఒక్కరిదే అయినా ఆ డబ్బుతో తినేది ఇద్దరు.

అమ్మమ్మకు షుగరు ఉంది. నెలకోసారి గాంధీ దవాఖానకు వచ్చి చూపించుకుని మందులు తీసుకెళ్లాలి. చాలా కాలం ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు. గజ్వేల్‌లో బస్సెక్కి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కడ సిటీ బస్సు పట్టుకునేవాళ్లు. తాత రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. బోర్డు చదివేది ఆయనే, కండక్టరును అడిగేది ఆయనే, "దిగు" అని చెప్పేది కూడా ఆయనే. అమ్మమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చునేది.

2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఇంట్లో అందరం సంతోషించాం. ఒకటి రెండు నెలలు గడిచాక తాత ఒక లెక్క వేశాడు. ఆయన ఒక్కడికి రానుపోను టికెట్లకు రెండు వందలకు అటూ ఇటూ అవుతోంది. అంటే వచ్చే పింఛనులో పదో వంతు. "నువ్వు ఉత్తగనే పోయొస్తవు గదా, నా టికెట్టు దండుగ ఎందుకు" అన్నాడు. అమ్మమ్మ కూడా సరేనంది. ఆ నెల ఒక్కతే బయలుదేరింది.

జూబ్లీ బస్ స్టేషన్ దాకా బాగానే వచ్చింది. అక్కడ ఎవరినో అడిగి సిటీ బస్సు ఎక్కింది. సికింద్రాబాద్ స్టేషన్ కనిపించగానే దిగిపోయింది. ఎందుకంటే ఆమె మనసులో గాంధీ దవాఖాన అంటే స్టేషన్ దగ్గరి పాత గాంధీయే. మా అమ్మ పుట్టింది అక్కడే. ఆ దవాఖాన 2003లో ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్న స్థలానికి మారింది. నెలనెలా కొత్త దవాఖానకే వస్తున్నా, దారి గుర్తుపెట్టుకునే పని తాతది కాబట్టి ఆమె ఎన్నడూ పెట్టుకోలేదు.

మధ్యాహ్నం మేము క్లాసులో ఉండగా ఫోను మోగింది. స్టేషన్ బయట టీ కొట్టు నడిపే మనిషి. ఓపీ చిట్టీ వెనుక రాసి ఉన్న మా నంబరు చూసి చేశాడు. రూమ్మేటును తీసుకుని పరుగెత్తాం. అమ్మమ్మ కొట్టు పక్కన బల్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. షుగరు మనిషి అలా ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఓపీ సమయం దాటిపోయింది. ఆ నెల మందులు వారం ఆలస్యంగా అందాయి. ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే: "మీ తాతకు చెప్పకుండ్రి."

ఇందులో ఎవరి తప్పూ లేదు. కండక్టరు తప్పు లేదు, దవాఖాన తప్పు లేదు, పథకం తప్పూ లేదు. టికెట్టు ఒక్కరికి ఉచితమైంది, కానీ ప్రయాణం ఇద్దరిది. ఆ రోజు మాకు అర్థమైంది ఇదే.

రాయితీ ఎవరి పేరున వస్తుంది?

ప్రయాణ రాయితీలు మన దగ్గర నాలుగు దారుల్లో వస్తాయి. చేసిన ఉద్యోగాన్ని బట్టి వచ్చేది ఒకటి. వయసును బట్టి వచ్చేది రెండోది. జబ్బును, వైకల్యాన్ని బట్టి వచ్చేది మూడోది. ఆడవాళ్లు, విద్యార్థులు వంటి వర్గాన్ని బట్టి వచ్చేది నాలుగోది. మన జేబులోని స్టూడెంట్ పాసు ఈ నాలుగో దారిలోదే. ఈ దారుల్లో ఏవి మనిషి పక్కన ఉన్న తోడును కూడా చూస్తున్నాయో, ఏవి చూడటం లేదో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

రైల్వే పాసు

ముందు మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. సికింద్రాబాద్ అంటేనే రైలు. 1874 అక్టోబరు 9న సికింద్రాబాద్ - వాడి రైలు మార్గం మొదలైంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాద్ దాని ప్రధాన కేంద్రమైంది. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ వీధుల్లో రిటైరైన రైల్వే మనుషులు లేని గల్లీ ఉండదు. మన పూర్వ విద్యార్థుల్లో కూడా రైల్వేలో చేరిన వాళ్లున్నారు.

రైల్వే ఉద్యోగికి పదవీ విరమణ తరువాత కూడా ఉచిత పాసులు ఇస్తారు. ఇందుకు కనీసం 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. హోదాను, సర్వీసును బట్టి ఏడాదికి ఇన్ని సెట్లు అని ఉంటుంది. ఒక సెట్టు అంటే ఒకసారి వెళ్లి, తిరిగి రావడం. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ పాసులో పింఛనుదారుతో పాటు భార్య లేదా భర్త పేరు కూడా ఉంటుంది. అంటే పాసును మనిషికి కాకుండా ఇంటికి ఇచ్చినట్టు లెక్క. ముప్పయ్యేళ్లు పట్టాల మీద పనిచేసింది ఒక్కరే కావచ్చు. రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు టిఫిను కట్టింది, బదిలీ అయిన ప్రతి ఊళ్లో పొయ్యి వెలిగించింది ఇంకొకరు. ఆ రెండో మనిషిని ఈ నియమం గుర్తించింది.

ఉద్యోగి చనిపోతే ఏమిటి? పూర్వం పాసు ఆ మనిషితోనే పోయేది. 1987 మార్చి 12 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకు, ఆ తరువాత చేరినవాళ్లకు వర్తించేలా వితంతు పాసు అనే ఏర్పాటు వచ్చింది. భర్తకు రిటైరయ్యాక వచ్చే పాసుల్లో సగం ఆమెకు ఇస్తారు. సగమే అయినా, ఆమె హక్కుగా వస్తుంది. ఇప్పుడు ఈ పాసులన్నీ రైల్వే వారి హెచ్.ఆర్.ఎం.ఎస్. అనే కంప్యూటరు విధానంలోకి మారాయి. ఫోనులో దరఖాస్తు చేసుకోవాలి. ఫోను వాడటం రాని ముసలమ్మకు హక్కు ఉండి కూడా పాసు చేతికి రాకపోవచ్చు. ఈ సంగతికి చివర్లో మళ్లీ వద్దాం.

వయసు రాయితీ

ఉద్యోగం లేని వాళ్ల మాటేమిటి? వాళ్లకు రైల్లో వయసు రాయితీ ఉండేది. 60 ఏళ్లు నిండిన మగవాళ్లకు 40 శాతం, 58 ఏళ్లు నిండిన ఆడవాళ్లకు 50 శాతం చార్జీ తగ్గేది. కరోనా వచ్చిన 2020 మార్చిలో దీన్ని ఆపేశారు. కరోనా తగ్గి రైళ్లు పూర్తిగా నడిచిన తరువాత కూడా దీన్ని తిరిగి తేలేదు. ప్రభుత్వం చెప్పిన కారణం ఏమిటంటే, ప్రయాణికులందరికీ కలిపి 2022-23లో 56,993 కోట్ల రూపాయల రాయితీ ఇచ్చాం, ప్రతి ప్రయాణికుడి ఖర్చులో సగటున 46 శాతం మేమే భరిస్తున్నాం అని. ముసలివాళ్లకు మిగిలింది కింది బెర్తు కోటా. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు అది వర్తిస్తుంది. అది సౌకర్యమే కానీ డబ్బు తగ్గించదు.

వయసు రాయితీలో ఒక మెలిక కూడా ఉంది. అది ఒక్కొక్కరి వయసును విడిగా చూస్తుంది. మన ఇళ్లలో భార్యాభర్తల మధ్య పదేళ్ల తేడా మామూలే. భర్తకు 60 నిండి రాయితీ వచ్చేసరికి భార్యకు 50 ఉంటాయి. ఆయనను దవాఖానకు పట్టుకుని తీసుకెళ్లేది ఆమే, పూర్తి టికెట్టు కొనేదీ ఆమే. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో 60 నిండిన వాళ్లకు ఇచ్చే 25 శాతం రాయితీకి కూడా ఇదే లెక్క.

తోడు అనే మాట కొత్తది కాదు

"పక్కన వచ్చేవాళ్లకు కూడా ఉచితం అంటే ఎక్కడికి పోతుంది?" అని కొందరు అడుగుతారు. కానీ తోడు అన్న మాట మన నియమాల్లో ఎప్పటినుంచో ఉంది.

కేంద్ర సమ్మాన్ పింఛను పొందే స్వాతంత్ర్య సమర యోధులకు రైల్వే ఉచిత కార్డు పాసు ఇస్తుంది. దాని మీద వాళ్లతో పాటు ఒక తోడు కూడా ప్రయాణించవచ్చు. యోధులు చనిపోతే వాళ్ల భార్యలకు కూడా ఆ సౌకర్యం ఉంటుంది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవడానికి సరిహద్దు శిబిరాల్లో ఉండి పోరాడిన వాళ్లు కూడా ఈ పింఛనుకు అర్హులయ్యారు కనుక, మన జిల్లాల్లో ఈ పాసును చూసిన ఇళ్లు ఉన్నాయి.

జబ్బు మనుషులకు కూడా అంతే. చికిత్సకు వెళ్లే కాన్సరు రోగికి స్లీపరు, మూడో ఏసీ తరగతుల్లో చార్జీ ఉండదు. వెంట వెళ్లే ఒక్కరికి 75 శాతం తగ్గిస్తారు. చూపు లేని వాళ్లకు, డయాలసిస్‌కు వెళ్లే కిడ్నీ రోగులకు కూడా తోడుతో కలిపే రాయితీ ఉంది. 2020లో వయసు రాయితీ ఆగిపోయినా ఇవి ఆగలేదు. కారణం ఏమిటి? ఆ మనిషి ఒంటరిగా ప్రయాణం చేయలేడని, తోడుకు టికెట్టు కొనలేకపోతే రోగికి ఇచ్చిన రాయితీ కూడా పనికిరాదని నియమం రాసినవాళ్లకు తెలుసు కాబట్టి.

ముసలితనం జబ్బు కాదు, నిజమే. కానీ చూపు మందగించిన మనిషికి, మోకాళ్లు పట్టేసిన మనిషికి, బోర్డు చదవలేని మనిషికి తోడు అవసరం రోగికి ఉన్నంతే ఉంటుంది. ఆ తోడు నూటికి తొంభై ఇళ్లలో ఇంకో ముసలి ప్రాణమే. కొడుకులు పనికి పోతారు, మనవళ్లు మనలా హాస్టళ్లలో ఉంటారు.

మహాలక్ష్మి వచ్చాక

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు, బాలికలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఆధార్ వంటి గుర్తింపు చూపి రాష్ట్రమంతా ఉచితంగా తిరగవచ్చు. కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొడతాడు. ఆ టికెట్ల విలువను ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. అంతకు ముందే కర్ణాటకలో 2023 జూన్‌లో, తమిళనాడులో 2021లో ఇలాంటివి వచ్చాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అమలవుతోంది.

ఈ పథకాన్ని చూసి "ఆడవాళ్లకేనా, మేమేం పాపం చేశాం?" అని గొణిగే వాళ్లను బస్సుల్లో చూస్తున్నాం. మేము ఆ మాట అనడం లేదు. ఈ పథకం వచ్చాకే మా అమ్మమ్మ పన్నెండేళ్ల తరువాత తన చెల్లెలి ఊరు వెళ్లింది. ఎవరినీ పైసా అడగకుండా, ఎవరి అనుమతీ కోరకుండా. అంతకంటే పెద్ద సంగతి ఆమె జీవితంలో తక్కువ. మేము చెప్పేది దీన్ని తగ్గించమని కాదు, ఇంకో అడుగు ముందుకు వేయమని.

ఎందుకంటే ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. పూర్వం పింఛనుదారు అంటే మగవాడు, వెంట వెళ్లేది భార్య. రైల్వే పాసు ఆ లెక్కతో పుట్టింది. ఇప్పుడు మన బస్సుల్లో లెక్క తిరగబడింది. ఉచితంగా వెళ్లేది భార్య, టికెట్టు కొనలేక ఇంట్లో ఆగిపోయేది భర్త. పింఛను లేక, ఉచిత ప్రయాణమూ లేక మధ్యలో మిగిలిపోయిన ముసలి మగవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లు గుంపుగా వచ్చి అడగరు. "నేను ఇంట్లనే ఉంటా, నువ్వు పోయిరా" అంటారు. అంతే.

బయటి దేశాల్లో ఎలా?

ఐర్లండ్‌లో 1967లో అప్పటి ఆర్థిక మంత్రి చార్లెస్ హాహీ పింఛనుదారులకు బస్సులు, రైళ్లు ఉచితం చేశాడు. ఇప్పుడు 66 ఏళ్లు నిండిన వాళ్లందరికీ ఆ పాసు ఉంది. భార్య లేదా భర్త లేదా కలిసి జీవించే మనిషి ఉంటే కార్డు మీద ఎఫ్.టి. ప్లస్ ఎస్. అని రాస్తారు. ఎస్. అంటే జీవిత భాగస్వామి. ఆ మనిషి వయసు ఎంతైనా, కార్డున్న మనిషి వెంట ఉన్నంతసేపు టికెట్టు అక్కర్లేదు. విడిగా వెళితే మాత్రం కొనాలి. మా అమ్మమ్మ, తాతల సమస్యకు అరవై ఏళ్ల కిందటే మొదలైన ఒక పథకంలో జవాబు దొరికింది.

ఇంగ్లండ్‌లో 2008 ఏప్రిల్ నుంచి దేశమంతా పెద్దవాళ్లకు బస్సు ఉచితం. కానీ మామూలు రోజుల్లో ఉదయం 9.30 తరువాతే చెల్లుతుంది. ఆఫీసులకు, బడులకు వెళ్లే రద్దీలో కాకుండా బస్సులు ఖాళీగా ఉండే సమయంలో అన్నమాట. అయితే అక్కడ ఎవరి పాసు వారిదే. మన పక్కనే చెన్నైలో 2016 ఫిబ్రవరి నుంచి 60 నిండిన వాళ్లకు నెలకు 10 టోకెన్లు ఇస్తున్నారు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు కాకుండా, దవాఖానకు, గుడికి, బంధువుల ఇంటికి సరిపోయేలా ఒక హద్దు పెట్టారు. ఇక్కడ కూడా ఎవరి టోకెను వారిదే. ఈ మూడింటిలోనూ మనం నేర్చుకోవలసింది ఉంది. ఐర్లండ్ నుంచి తోడు, ఇంగ్లండ్ నుంచి సమయం, చెన్నై నుంచి హద్దు.

ఖర్చు సంగతి

ప్రశ్న న్యాయమైనదే. మహాలక్ష్మి వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగిందని మనం రోజూ చూస్తున్నాం. కొత్తగా ఇంకొందరికి ఉచితం అంటే ఆర్టీసీ మీద, ప్రభుత్వం మీద భారం పడదా?

భారం ఎప్పుడు పడుతుందో చూడాలి. బస్సు నడవడానికి డీజిలు, డ్రైవరు, కండక్టరు జీతం, మరమ్మతు ఖర్చులు ఉంటాయి. ఇవి సీటులో మనిషి కూర్చున్నా, కూర్చోకపోయినా అవుతాయి. పగలు 11 గంటలకు సగం ఖాళీగా వెళ్లే బస్సులో ఒక ముసలాయన తన భార్య పక్కన కూర్చుంటే ఆ బస్సుకు అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఉండదు. అదే ఉదయం 9 గంటలకు కిక్కిరిసిన బస్సులో అయితే ఇంకో టికెట్టు కొనే ప్రయాణికుడు ఎక్కలేకపోవచ్చు. అక్కడ నిజంగానే నష్టం. కనుక రద్దీ లేని వేళలు, ఆర్డినరీ, పల్లెవెలుగు బస్సులు, నెలకు కొన్నిసార్లు అని హద్దులు పెడితే భారం చాలా తగ్గుతుంది.

గజ్వేల్ నుంచి ఓపీకి వచ్చేవాళ్లు పొద్దున్నే బయలుదేరాలి కదా అని అడగవచ్చు. నిజమే. అందుకే దవాఖాన చిట్టీ చూపిన రోజున వేళల హద్దు లేకుండా చేయాలి.

మోసాలు జరగవా? భార్యాభర్తలని ఎలా తెలుస్తుంది? రేషను కార్డులో ఇద్దరి పేర్లూ ఉంటాయి. పింఛను మంజూరు చేసేటప్పుడు ప్రభుత్వం ఇంటి వివరాలన్నీ తీసుకుంటుంది. ఇద్దరి ఫొటోలూ ఉన్న ఒక కార్డు ఇస్తే కండక్టరుకు చూడగానే తెలుస్తుంది. రైల్వే ఇన్నేళ్లుగా చేస్తున్న పనే ఇది.

భార్యో, భర్తో లేని వాళ్ల మాటేమిటి? వాళ్లను వదిలేస్తే అది ఇంకో అన్యాయం. ఒంటరిగా మిగిలిన పింఛనుదారుకే తోడు ఎక్కువ అవసరం. సమర యోధుల పాసులో ఉన్నట్టు, వాళ్లు ఎంచుకున్న ఒక్క మనిషికి ఆ సౌకర్యం ఇవ్వవచ్చు.

వయసు దాటిన మగవాళ్లందరికీ ఉచితం చేస్తే ఈ గొడవే ఉండదు అని మా రూమ్మేటు అంటాడు. అది ఇంకా మంచిదే. కానీ అది పెద్ద అడుగు. తోడు పాసు చిన్న అడుగు, ముందు వేయగలిగినది. ముందుగా ఆసరా పింఛను ఇళ్లతో మొదలుపెట్టినా చాలు. కుటుంబానికి ఒక్క పింఛను అన్న నియమం వల్ల రెండో మనిషికి తగ్గినదాన్ని ఈ రూపంలో కొంతైనా తిరిగి ఇచ్చినట్టవుతుంది.

మనం చేయగలిగింది

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, మన ఊళ్లో రైల్వేలో పనిచేసి చనిపోయిన వాళ్ల భార్యలు ఎవరైనా ఉంటే, వాళ్లకు వితంతు పాసు వస్తున్నదా అని అడుగుదాం. రాకపోతే కుటుంబ పింఛను కాగితాలు తీసుకుని, రైల్వేలో ఉన్న మన అన్నలకు చూపిద్దాం. హెచ్.ఆర్.ఎం.ఎస్.లో దరఖాస్తు చేయడం మనకు పది నిమిషాల పని. వాళ్లకు అది ఏళ్ల తరబడి ఆగిపోయిన పని.

రెండు, మన బంధువుల్లో కాన్సరు, డయాలసిస్ రోగులు ఉంటే తోడుకు కూడా రాయితీ ఉందని చెబుదాం. దవాఖానలో డాక్టరు సంతకంతో నిర్ణీత ఫారం తీసుకోవాలి. ఈ సంగతి తెలియక పూర్తి టికెట్టు కొన్నవాళ్లను మేము చూశాం.

మూడు, ఇంట్లో ముసలివాళ్ల ఓపీ చిట్టీ మీద, ఆధార్ కవరు మీద మన ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాద్దాం. దిగవలసిన స్టాపు పేరు కూడా తెలుగులో రాసి ఇద్దాం. చదవలేకపోయినా కండక్టరుకు చూపిస్తారు. మా అమ్మమ్మను ఆ రోజు కాపాడింది ఆ నంబరే.

నాలుగు, ఆర్టీసీలో కండక్టర్లుగా, డిపోల్లో ఉద్యోగులుగా ఉన్న మన పూర్వ విద్యార్థులు ఈ తోడు పాసు ఆలోచనను తమ సంఘాల్లో మాట్లాడాలని కోరుతున్నాం. మేము మా వంతుగా రవాణా శాఖ మంత్రి గారికి ఒక వినతిపత్రం రాసి పెట్టాం. వార్షికోత్సవం రోజున వేదిక పక్కన బల్ల మీద ఉంటుంది. చదివి, నచ్చితే సంతకం చేయండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వెనుక పేజీలో రాయండి. దాన్ని బట్టి సరిదిద్దుకుంటాం.

ఇప్పుడు అమ్మమ్మ, తాత మళ్లీ కలిసే వస్తున్నారు. మా స్కాలర్‌షిప్పులో నెలకు రెండు వందలు తాత టికెట్టుకని పక్కన పెడుతున్నాం. తాతకు ఆ సంగతి ఇష్టం లేదు. "నీ చదువు పైసలు నాకెందుకు" అంటాడు. బస్సులో అమ్మమ్మ ముందు వైపు ఆడవాళ్ల సీట్లో కూర్చుంటుంది, తాత వెనుక నిలబడతాడు. స్టాపు రాగానే వెనుక నుంచి కేక వేస్తాడు, "దిగు" అని. ఆమె లేస్తుంది.

ఆ కేక వేయడానికి ఆయన బస్సులో ఉండాలి. మా విన్నపం అంతే.